కతకురి మీద వ్యాసం రాసిన చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

జపాను అడవుల్లో పూచే కతకురి మీద నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి. అయితే నాలుగు పుటల్లో మూడున్నర పువ్వు అందానికే ఖర్చయ్యాయి. ఏడాదిలో దాదాపు పది నెలలు ఆ మొక్క కంటికే కనిపించదన్న సంగతి మాత్రం చివరి పేరాలో ఒక్క వాక్యంగా మిగిలింది. నన్నడిగితే వ్యాసం అక్కడే మొదలుకావాలి.

మంచు కరిగిన తరువాత, ఓక్, బీచ్ చెట్లు ఇంకా చిగురించకముందు, ఎండ అడ్డు లేకుండా అడవి నేలను తాకే రోజులు కొన్ని ఉంటాయి. కతకురి సంపాదనంతా ఆ రోజులదే. ఆకు తొడగడం, పూయడం, కాయ పండించడం, వచ్చే ఏటికి కావలసిన పిండిపదార్థాన్ని నేల లోపలి లశునంలో, అంటే ఉల్లిగడ్డ వంటి దుంపలో దాచుకోవడం, ఇవన్నీ రెండు నెలల్లో ముగించుకొని, పైన నీడ చిక్కబడేసరికి ఆకు పండి మట్టిలో కలిసిపోతుంది. నీవేమో దీనిని 'నీడను ప్రేమించే సుకుమారి' అన్నావు. నీడ కమ్మేలోగా పని చక్కబెట్టుకొని తప్పుకొనే మొక్కకు ఆ మాట ఎలా అతుకుతుంది?

గింజ మొలిచిన తొలి ఏడు దారం వంటి ఆకు ఒకటి వస్తుంది. ఆ తరువాత ఏళ్ల తరబడి, ఏటికి ఒక్కటే వెడల్పాటి ఆకు. లశునం తగినంత బలిసిన నాటికి గాని రెండో ఆకూ, ఆ రెండింటి నడుమ నుంచి ఒంటి పూకాడా రావు. ఇందుకు ఏడెనిమిదేళ్లు పడుతుంది. విత్తనం కొసన కొవ్వుతో నిండిన చిన్న ముద్ద ఉంటుంది. దానికోసం చీమలు గింజను మోసుకుపోయి, ముద్ద తిని, గింజను వదిలేస్తాయి. ఇంత నిదానమైన బతుకును నీవు 'క్షణికం' అనే ఒక్క విశేషణంతో సరిపెట్టావు.

అడవినాభితో పోల్చడం బాగుంది. రెండింటి పూరేకులూ వెనక్కి వంగుతాయి, రెండూ తల వంచుకొనే పూస్తాయి, శాస్త్రరీత్యా ఒకే క్రమానికి (ఆర్డర్‌కు) చెందినవి కూడా. అయితే పోలికను అక్కడే ఆపు. మన అడవినాభి ఆకు కొసల నులితీగలతో కంచెలెక్కి వానల్లో పూస్తుంది. పైగా ఒళ్లంతా విషం. కతకురి లేత ఆకులను జపాను వాళ్లు ఉడికించి తింటారు. కతకురి పూరేకులు ఎండ తగిలినప్పుడే వెనక్కి ముడుచుకుంటాయని, సాయంత్రానికి మళ్లీ దగ్గరపడతాయని కూడా చేర్చు. ఒకప్పుడు నేను ఒక ఫోటోను నమ్మి ఆ పువ్వు ఆకాశం వైపు చూస్తుందని రాసి నవ్వులపాలయ్యాను. కెమెరాను నేల మీద పెట్టి కింది నుంచి తీసిన ఫోటో అది.

గిఫు అనే జపాను సీతాకోకచిలుక గురించి ఒక సవరణ. అది కతకురి తేనె తాగుతుంది గాని, గుడ్లు పెట్టేది వేరే మొక్క మీద. 'కతకురి మీదే బతికే సీతాకోకచిలుక' అన్న వాక్యం కొట్టెయ్యి.

పిండి సంగతి నీవు అసలు ముట్టుకోలేదు, అదే నాకు ఆశ్చర్యం. పూర్వం ఈ లశునాలను దంచి పిండి తీసేవారు, దాని పేరు కతకురికో. తరువాత జపాను ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవిలో బంగాళాదుంప సాగు పెరిగి, ఆ పిండి దీని చోటును ఆక్రమించింది. నేటికీ జపాను దుకాణాల్లో అమ్మే పొట్లం మీద కతకురికో అనే ఉంటుంది, లోపల ఉండేది మాత్రం బంగాళాదుంప పిండి. పాఠకుడు వదలకుండా చదివే పేరా ఇదే అవుతుంది.

అడవి గురించి కూడా ఒక మాట రాయాలి. పల్లెల పక్కన ఉన్న ఓక్ తోపులను బొగ్గు కోసం కొన్నేళ్లకొకసారి నరికేవారు, రాలిన ఆకును ఎరువుకు ఊడ్చుకుపోయేవారు, మోడులు మళ్లీ చిగురించేవి. అందువల్ల వసంతంలో నేలకు వెలుగు దక్కేది. వంటకు గ్యాసు వచ్చాక ఆ తోపులను పట్టించుకునేవారు లేరు. ససా అనే పొట్టి వెదురు, ఆకు రాల్చని చెట్లు కమ్ముకొన్న చోట కతకురి తగ్గిపోయింది. మనిషి చెయ్యి పడితే అడవి చెడుతుందని నీ రెండో పుటలో ఉన్న మాటకు ఇది సూటిగా అడ్డు వస్తుంది. ఆ మాటను తీసెయ్యకు, ఈ సంగతిని దాని పక్కనే పెట్టు.

తిరగరాసిన ప్రతిని పంపేటప్పుడు పువ్వును మూడో పుట దాకా రానివ్వకు. మొదటి పుటలో ఒంటి ఆకు ఒక్కటి చాలు.

శుభాకాంక్షలతో.