బియ్యంలో ముక్కుపురుగు, రవ్వలో గూడు

ప్రశ్న: నెల క్రితం పాతిక కిలోల బియ్యం బస్తా కొన్నాము. ఇప్పుడు అందులో నల్లటి పురుగులు, పక్క డబ్బాలోని ఉప్మారవ్వలో సన్నటి దారాలు కనిపిస్తున్నాయి. రెండూ ఒకటేనా? బోరిక్ పొడి కలపమని పక్కింటివారి సలహా.
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఒకటి కాదమ్మా. బియ్యంలోది ముక్కుపురుగు. గింజకు చిల్లు పెట్టి లోపలే గుడ్డు పెడుతుంది, పిల్ల ఆ గింజనే తింటూ పెరుగుతుంది. అందుకే పైకి కనిపించినవాటిని ఏరేస్తే సరిపోదు. రవ్వలో గూళ్లు అల్లేది చిన్న రెక్కలపురుగు పిల్ల. ఆ రవ్వను మొహమాటపడకుండా పారేయండి. నేను ఒకసారి జల్లించి వాడాను. ఆ ఉప్మా మా ఇంట్లో ఎవరూ ముట్టలేదు!

బియ్యాన్ని మండుటెండలో పోయకండి, విరిగి నూకవుతుంది. నీడలో పలుచగా ఆరబోస్తే పురుగులు చాలావరకు పాకిపోతాయి. తరువాత జల్లించి, కొద్దికొద్దిగా సంచుల్లో కట్టి నాలుగైదు రోజులు ఫ్రీజరులో ఉంచండి, గుడ్లు కూడా చస్తాయి. డబ్బా మూలలు, మూత అంచులు కడిగి, బాగా ఆరాకే నింపండి. వేపాకు వేయవచ్చు కానీ ఎండినదే, పచ్చిదైతే తేమ చేరుతుంది. బోరిక్ పొడి మాత్రం వద్దు. అది తిండిలో కలిపే వస్తువు కాదు.