ఇంటి నుంచి పని: దూరంగా ఉన్నవారిని కలిపి ఉంచేది ఏది?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. 2020లో అందరినీ ఇళ్లకు పంపిన తరువాత మళ్లీ ఆఫీసు అద్దెకు తీసుకోలేదు. ఇప్పుడు 38 మందిమి ఇళ్ల నుంచే పనిచేస్తున్నాం. మాలో ఇద్దరు అమెరికాలోని డల్లాస్‌లో, మిగిలినవారు హైదరాబాద్, గుంటూరు, నిజామాబాద్‌లలో ఉన్నారు. పాతవారు నిలకడగానే ఉన్నారు గానీ, కొత్తగా చేరినవారు ఏడాది తిరగకుండానే రాజీనామా చేస్తున్నారు. ప్రతి శుక్రవారం సాయంత్రం వీడియో కాల్‌లో ఆటలు పెడుతున్నా హాజరు నానాటికీ తగ్గుతోంది. ఉద్యోగుల కంప్యూటర్ తెరలను కొన్ని నిమిషాలకోసారి ఫొటో తీసే సాఫ్ట్‌వేర్ పెడదామని మా మేనేజర్ ఒకరు అంటున్నారు. అందరిదీ ఒకే సంస్థ అన్న భావన కలగాలంటే ఏం చేయాలి?
– ఒక సంస్థ వ్యవస్థాపకుడు, హైదరాబాద్

జవాబు: పాతవారు ఉంటున్నారు, కొత్తవారు వెళ్లిపోతున్నారు అన్న మాటలోనే మీ సమస్యకు మూలం దొరుకుతుంది. మీ పాతవారు 2020కి ముందు ఒకే గదిలో కూర్చుని, కలిసి టీ తాగి, ఎవరికి ఏ పనిలో పట్టు ఉందో, ఏ క్లయింటు దేనికి కోప్పడతాడో, మీరు ఏ విషయంలో పట్టుబడతారో, దేనిని చూసీచూడనట్లు వదిలేస్తారో అన్నీ ఎవరూ పనిగట్టుకుని చెప్పకుండానే తెలుసుకున్నవారు. ఆ పరిచయమే పెట్టుబడిగా వారు ఈనాటికీ ఇంటి నుంచి సాఫీగా పనిచేయగలుగుతున్నారు. కొత్తగా చేరినవారికి దక్కేది ఒక ల్యాప్‌టాప్, కొన్ని పాస్‌వర్డులు, అరడజను గ్రూపుల్లో సభ్యత్వం మాత్రమే. చిన్న సందేహం వచ్చినా ఎవరిని అడగాలో తెలియక, అడిగితే ఏమనుకుంటారోనన్న బెరుకుతో గంటల తరబడి ఒంటరిగా కుస్తీ పడి, చివరకు ఈ సంస్థలో తమ అవసరం ఎవరికీ లేదన్న నిర్ణయానికి వస్తారు.

ఇది మీ ఒక్కరి అనుభవం కాదు. మైక్రోసాఫ్ట్ సంస్థ అమెరికాలోని తన 61,000 మందికి పైగా ఉద్యోగులు 2020 తొలి ఆరు నెలల్లో ఎవరెవరితో ఎలా సంభాషించారో పరిశీలించి, 2021లో ఫలితాలను ప్రచురించింది. అందరూ ఇళ్లకు వెళ్లాక ఒక్కో బృందం తనలో తాను మరింత దగ్గరైందనీ, బృందానికీ బృందానికీ మధ్య ఉండే వంతెనలు మాత్రం తగ్గాయనీ, కొత్త పరిచయాలు కలిసే వేగం మందగించిందనీ అందులో తేలింది. అంత పెద్ద సంస్థలోనే పరిచయాలు ఉన్నచోటే ఆగిపోతే, కొత్తవారికి ఆసరా లేని చిన్న సంస్థలో ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

అందువల్ల మొదట చేయవలసింది, పాతవారి బుర్రల్లో ఉన్నదాన్ని అందరూ చదవగలిగే చోట రాసిపెట్టడం. ప్రధాన కార్యాలయమే లేకుండా అనేక దేశాల ఉద్యోగులతో నడిచే గిట్‌ల్యాబ్ సంస్థ, సెలవు ఎలా అడగాలన్న దగ్గరి నుంచి నిర్ణయాలు ఎవరు తీసుకోవాలన్న దాకా తన పద్ధతులన్నింటినీ ఒక కరదీపికగా రాసి, బయటివారు సైతం చదువుకునేలా ఇంటర్నెట్‌లో ఉంచింది. మీకు అంత పెద్ద గ్రంథం అక్కర్లేదు. ప్రతి ముఖ్య నిర్ణయం తరువాత నాలుగు వాక్యాలు రాసే అలవాటు చాలు. ఉదాహరణకు ఇలా: “బిల్లింగ్ మాడ్యూల్ విడుదలను 14వ తేదీ నుంచి 21కి వాయిదా వేశాం. జీఎస్టీ లెక్కలో రెండు తప్పులు టెస్టింగ్‌లో బయటపడ్డాయి. ముందు విడుదల చేసి తరువాత సరిదిద్దుదామన్న ప్రతిపాదన కూడా వచ్చింది గానీ, క్లయింటు నెలాఖరు బిల్లులు తప్పుపోతాయని వద్దనుకున్నాం. అభ్యంతరం ఉన్నవారు బుధవారంలోగా ఇక్కడే రాయండి.” ఈ నాలుగు వాక్యాలు చదివిన కొత్త ఉద్యోగికి, ఈ సంస్థలో తేదీ కన్నా నాణ్యత ముఖ్యమనీ, కాదన్న ప్రతిపాదనకు కూడా కారణం చెబుతారనీ, తాను నోరు విప్పవచ్చుననీ ఒకేసారి తెలుస్తుంది. సంస్కృతి అని మనం చెప్పుకునేది ఇదే. గోడ మీద రాసుకునే విలువల జాబితా ఆ పని చేయలేదు.

రాసే అలవాటు మేనేజర్ల నుంచే మొదలుకావాలి, అందులోనూ మీ నుంచి. ఒక ఉద్యోగి అందరూ ఉన్న గ్రూపులో “నా మార్పు వల్ల నిన్న రాత్రి సర్వర్ ఆగిపోయింది” అని రాసినప్పుడు మీరు వెంటనే ఏం జవాబిస్తారన్నదాన్ని మిగిలిన 37 మందీ గమనిస్తారు. “చెప్పినందుకు కృతజ్ఞతలు, ఇకపై ఇది జరగకుండా ఏ తనిఖీ పెడదాం?” అన్న జవాబు వస్తే తరువాతి తప్పు కూడా గంటలోపే మీ దృష్టికి వస్తుంది. మందలింపు వస్తే ఇకపై తప్పులన్నీ వ్యక్తిగత సందేశాల్లో దాగిపోతాయి. దూరాన ఉన్న మీకు వాటిని పట్టుకునే మార్గమే ఉండదు.

తెరలను ఫొటో తీసే సాఫ్ట్‌వేర్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పెట్టకండి. దాని ద్వారా తెలిసేది తెర మీద ఏం కనబడుతోంది, మౌస్ కదిలిందా లేదా అన్నదే, పని జరిగిందా లేదా అన్నది తెలియదు. ఊరకే మౌస్‌ను కదిలించే పరికరాలు మార్కెట్లో చవకగా దొరుకుతున్నాయి కూడా. ఈ నిఘా మొదలైన రోజే, నిజాయితీగా పనిచేసే ఉద్యోగికి తనను దొంగలా చూస్తున్నారని అర్థమవుతుంది. మరో చోట ఉద్యోగం సులువుగా దొరికేదీ, ముందుగా వెళ్లిపోయేదీ అతడే. ఆ సాఫ్ట్‌వేర్‌కు పెట్టే సొమ్ముతో కొత్తగా చేరే ప్రతి ఒక్కరికీ మూడు నెలలపాటు ఒక పాత ఉద్యోగిని తోడుగా కేటాయించి, ఆ తోడుకు వెచ్చించే సమయాన్ని అతని పనిగానే లెక్కగట్టండి. అదనపు బాధ్యతగా అప్పగిస్తే రెండో వారంలోనే అటకెక్కుతుంది.

డల్లాస్ విషయంలో ఒక సూచన. మనకూ వారికీ వేసవిలో పదిన్నర గంటలు, శీతాకాలంలో పదకొండున్నర గంటలు తేడా. వారి ఉదయం 9 గంటల కాల్ మనవారికి రాత్రి ఏడున్నరకో ఎనిమిదిన్నరకో పడుతుంది. ఇంట్లో పిల్లల చదువులు, వంట, భోజనాలు సాగే వేళ అది. ఆ భారం ఏడాది పొడవునా ఒకే పక్షం మోయకుండా, కొన్ని కాల్‌లను మన ఉదయం ఏడున్నరకు, అంటే వారి రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో మార్చండి. శుక్రవారం ఆటలు ఐచ్ఛికమని చెప్పి వదిలేయండి. మిగిలిన ఆఫీసు అద్దెలో కొంత వెచ్చించి, ఏడాదికి రెండుసార్లు అందరినీ మూడు రోజులపాటు ఒక చోట కలపండి. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ నడిపే ఆటోమాటిక్ సంస్థ ఎన్నో ఏళ్లపాటు ఇలాంటి వార్షిక సమావేశాలు జరిపింది. ఆ మూడు రోజులనూ ప్రజెంటేషన్లతో నింపకండి. వేర్వేరు బృందాలవారు కలిసి తినడానికి, తిరగడానికి సగం సమయమైనా ఉంచండి.

ప్రశ్న: ప్రసూతి సెలవు ముగిశాక రాజమహేంద్రవరంలో మా ఇంటి నుంచే పనిచేస్తున్నాను. మా బృందంలో సగం మంది హైదరాబాద్ ఆఫీసుకు వెళతారు. కాల్ అయిపోయాక వారు అక్కడే మాట్లాడుకుని నిర్ణయాలు మార్చేస్తారు, నాకు మర్నాడు తెలుస్తుంది. ఈసారి ప్రమోషన్లు కూడా ఆఫీసుకు వెళ్లేవారికే వచ్చాయి. నేను చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ అనుమానం నిరాధారం కాదమ్మా. చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణ సేవల సంస్థ 2010–11లో తన కాల్ సెంటర్ ఉద్యోగులపై తొమ్మిది నెలలపాటు జరిపిన ప్రయోగంలో, ఇంటి నుంచి పనిచేసినవారి పనితీరు 13 శాతం మెరుగుపడింది. అయినా, చేసిన పనితో పోల్చి చూస్తే వారికి ప్రమోషన్లు దక్కడం తగ్గింది. కంటికి కనబడేవారే పెద్దల మనసులో మెదులుతారు. ఇందులో దురుద్దేశం లేకపోవచ్చు, అన్యాయం మాత్రం ఉంది. దాన్ని సరిదిద్దవలసిన బాధ్యత మీకన్నా మీ మేనేజరుదే ఎక్కువ.

ఆయనను రెండు విషయాలు అడగండి. ఒక్కరు దూరం నుంచి కాల్‌లో ఉన్నా, ఆఫీసులో ఉన్నవారు సైతం సమావేశం గదిలో గుంపుగా కూర్చోకుండా ఎవరి ల్యాప్‌టాప్ నుంచి వారు చేరాలన్నది మొదటిది. కాల్ తరువాత మారిన ఏ నిర్ణయమైనా గ్రూపులో రాసేదాకా అమలు కాకూడదన్నది రెండోది. నోటిమాటగా కాక మెయిల్‌లో, ఫిర్యాదులా కాక ప్రతిపాదనలా అడిగితే కాదనడం కష్టం. మీ వైపు నుంచి, వారం వారం పూర్తయిన పనిని, దానివల్ల క్లయింటుకు కలిగిన ప్రయోజనాన్ని మూడు నాలుగు వాక్యాల్లో రాసి మేనేజరుకు పంపుతూ ఉండండి. అప్రైజల్ (పనితీరు మదింపు) నాడు ఆయన జ్ఞాపకశక్తి మీద ఆధారపడే పరిస్థితి రాకూడదు.

ప్రసూతి సెలవు తరువాత పని స్వభావాన్ని బట్టి, ఇరుపక్షాల అంగీకారంతో ఇంటి నుంచి పనిచేసే అవకాశాన్ని 2017 నాటి చట్ట సవరణే కల్పించింది. మీరు దయాదాక్షిణ్యాల మీద ఇంట్లో ఉన్నట్టు ఎవరు మాట్లాడినా తలవంచవలసిన పని లేదు.

ప్రశ్న: కాల్‌లలో అందరూ కెమెరా ఆన్ చేయాలని నియమం పెట్టవచ్చా?
– ఒక టీమ్ లీడ్, కరీంనగర్

జవాబు: వద్దు. రెండు గదుల ఇంట్లో అత్తమామలు, పిల్లల మధ్య మంచం అంచున కూర్చుని పనిచేసే ఉద్యోగి తన ఇల్లంతా సహోద్యోగులకు చూపించాలని ఏ హక్కుతో అడుగుతాం? కొత్తవారిని పరిచయం చేసేటప్పుడు, బృందంలో ఒకరితో విడిగా మాట్లాడేటప్పుడు ముందు మీరు కెమెరా పెట్టండి; వీలున్నవారు వారంతట వారే పెడతారు.

ప్రశ్న: మా ఉద్యోగిని ఒకరికి సీనియర్ ఒకరు రాత్రిపూట అసభ్యమైన సందేశాలు పంపుతున్నారు. ఆఫీసు లేదు కాబట్టి ఇది ఆఫీసు వ్యవహారం కాదని కొందరు అంటున్నారు. నిజమేనా?
– ఒక హెచ్‌ఆర్ ఉద్యోగిని, విశాఖపట్నం

జవాబు: ఆ మాటను మీరు అక్కడికక్కడే ఖండించాలి. వేధింపు ఉద్యోగ సంబంధం వల్ల జరుగుతున్నప్పుడు అది ఏ తెర మీద జరిగినా సంస్థ బాధ్యత తప్పదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం, పది మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో సీనియర్ మహిళ అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థల వారు జిల్లా స్థాయి స్థానిక కమిటీని ఆశ్రయించవచ్చు. సాధారణంగా ఘటన జరిగిన మూడు నెలల్లోపు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి; విచారణ 90 రోజుల్లో ముగియాలి.

ఆఫీసున్న సంస్థల్లో కమిటీ సభ్యుల వివరాలు నోటీసు బోర్డు మీద కనబడతాయి. మీకు గోడ లేదు కనుక, ఆ పేర్లూ ఫోన్ నంబర్లూ ఉద్యోగంలో చేరిన రోజునే అందరికీ మెయిల్‌లో వెళ్లాలి, అందరూ రోజూ తెరిచే పేజీలో పైనే ఉండాలి. ఆ ఉద్యోగినికి ఈరోజే ఫోన్ చేయండి. సందేశాలు వేటినీ చెరిపివేయవద్దనీ, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోమనీ చెప్పండి. ఫిర్యాదు రాయడానికి ఆమె సిద్ధపడితే పక్కన కూర్చుని సాయం చేయండి. విచారణ ముగిసేదాకా ఆమె పని ఆ సీనియర్ పర్యవేక్షణలో లేకుండా, ఆమె అప్రైజల్ ఆయన చేతిలో పడకుండా కమిటీ ద్వారా ఏర్పాటు చేయించండి.