అల్లుడికి, బీపీ సంగతి

దేవరకొండ

అల్లుడూ,

హెల్త్ క్యాంపులో నీ బీపీ 150/100 చూపిస్తే నవ్వి లేచొచ్చావని మీ అమ్మ చెప్పింది. 26 ఏళ్లకు బీపీ ఏంటని నీ నవ్వు. ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి బీపీలు చూసినవాణ్ణి, నాకు నవ్వు రాలేదు.

ఒక్కసారి చూస్తే తేలదు, నిజమే. వేరే వేరే రోజుల్లో రెండు మూడుసార్లు చూపించుకో. అంతకు అరగంట ముందు నుంచి టీ, సిగరెట్ వద్దు. వీపు ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చో. (నీకు కష్టమే.)

మీ నాన్న గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని అమ్మను వెంటబెట్టుకుని వలస పోతే, నువ్వు అవ్వ దగ్గర పెరిగావు. తర్వాత హాస్టల్, కొట్లాటలు. ఎవడు ఎప్పుడు మీద పడతాడోనని ఏళ్ల తరబడి కాచుకుని ఉంటే నిద్ర చెడుతుంది, బీపీ ఎక్కుతుంది. ఆ టెన్షన్ దిగడానికి మళ్లీ సిగరెట్, కల్లు.

న్యూజిలాండ్‌లోని డునీడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించారు. చిన్నప్పటి నుంచి గొడవలు మానని మగవాళ్లకు 32 ఏళ్లకే సిగరెట్ వ్యసనం, కఫం దగ్గు, చిగుళ్ల జబ్బులు ఎక్కువ కనిపించాయి. గుండెకు ముప్పు కూడా. చిన్నతనంలోనే మానుకున్నవాళ్లు చాలావరకు బయటపడ్డారు. నువ్వు ఆలస్యంగా మానావు, అయినా మానావు.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. ఎవడి మూతి మీదైనా గుద్దితే పన్ను గీరుకుని పిడికిలి కణుపు మీద చిన్న గాటు పడుతుంది. పసుపు అద్ది ఊరుకోవద్దు. నోట్లోని సూక్ష్మజీవులు కీలులోకి దిగితే వేలు వంగకుండా పోవచ్చు. ఒకడు కేసు భయంతో తలుపు తగిలిందన్నాడు. మూడో రోజుకు చెయ్యి బూరెలా ఉబ్బింది. గాటు పడ్డ రోజే ఆసుపత్రికి పోవాలి, డాక్టర్‌కు నిజం చెప్పాలి.

కల్లు రేపే మానెయ్యమని నేననను. మన దిక్కు కల్లులో అల్ప్రాజోలం, డైజెపామ్ లాంటి మత్తుమందులు కలిపి అమ్మేవాళ్లున్నారు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టర్ చూస్తుండగా తగ్గించుకో. రాత్రి మనసు ఆగకపోతే మనసు బాధలు వినడానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆదివారం రాత్రికి ఇక్కడికి రా. సోమవారం పొద్దున నల్లగొండ పెద్దాసుపత్రికి పోదాం, నా షుగర్ కూడా చూపించుకోవాలి. బండి నేనే నడుపుతా. క్లాక్ టవర్ దగ్గర ఎవడో హారన్ కొడితే నువ్వు దిగిపోతావు.

మీ మామ