రెండో కాన్పు.. నొప్పులు ముదిరేదాకా ఇంట్లో ఆగొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 28. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లెటూరు. ఇప్పుడు 36వ వారం నడుస్తోంది. మొదటి కాన్పు పుట్టింట్లో ఉన్నప్పుడు అయింది. నార్మల్ డెలివరీ, దాదాపు 15 గంటలు నొప్పులు పడ్డాను, కుట్లు కూడా పడ్డాయి. పాపకు ఇప్పుడు మూడున్నరేళ్లు. ఈసారి అత్తగారింట్లోనే ఉన్నాను, ఆస్పత్రి 35 కిలోమీటర్ల దూరం. ‘రెండోది తేలిగ్గా అయిపోతుంది, నొప్పులు ముదిరాక వెళ్దాం’ అంటున్నారు మా అత్తయ్య. మా అమ్మేమో మంచి రోజు చూసి సిజేరియన్ చేయించుకో, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అప్పుడే అయిపోతుంది అంటోంది. నాకు హిమోగ్లోబిన్ 9.6 ఉంది. స్కానింగ్‌లో బిడ్డ తల కిందికే ఉంది కానీ ఇంకా దిగలేదన్నారు. పాప రోజంతా ఎత్తుకోమని ఏడుస్తుంది, ఎత్తుకోవచ్చా? అన్నీ కలిసి చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి

జవాబు: మీ అత్తగారు చెప్పినదాంట్లో మొదటి సగం నిజమేనమ్మా. రెండో సగంతోనే ఇబ్బంది. రెండో కాన్పు తేలిగ్గా, త్వరగా అవుతుంది కాబట్టే మీరు ఇంకా ముందు బయల్దేరాలి.

మొదటిసారి గర్భసంచి ముఖద్వారం మెత్తబడి, పలచబడి, ఆ తర్వాత తెరుచుకోవడానికి చాలా సమయం తీసుకుంటుంది. ఒకసారి బిడ్డ బయటికి వచ్చిన దారి రెండోసారి అంత మొరాయించదు. ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర్నుంచి పూర్తిగా తెరుచుకునే వరకు మొదటి కాన్పులో సాధారణంగా 12 గంటలు, తర్వాతి కాన్పుల్లో 10 గంటలు దాటదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఇవి పైహద్దులు మాత్రమే. అంతకంటే చాలా త్వరగా అయ్యేవాళ్లే రెండో కాన్పులో ఎక్కువ. ఇక చివర్లో ముక్కడం మొదటిసారి రెండు మూడు గంటలు పడితే, రెండోసారి కొందరికి నాలుగైదు ముక్కులతోనే అయిపోతుంది. ‘మొన్న 15 గంటలు పట్టింది కదా, ఇప్పుడు కనీసం ఏడెనిమిది గంటలైనా పడుతుంది’ అని లెక్కేసుకుని, అన్నం వండి పెట్టి, పెద్దదానికి స్నానం చేయించి బయల్దేరి, లేబర్ రూమ్ గుమ్మంలోకి వచ్చేసరికే బిడ్డ తల కనబడుతున్న తల్లులను మేం చూస్తూనే ఉంటాం. మీకు 35 కిలోమీటర్లు. బండి రావడానికి పట్టే సమయం, రాత్రయితే రోడ్డు, మధ్యలో రైల్వే గేటు, అన్నీ కలుపుకుంటే గంటన్నర సులువుగా అవుతుంది.

అలాగని ప్రతి నొప్పికీ పరుగెత్తాల్సిన పని లేదు. రెండోసారి దొంగనొప్పులు ఎక్కువగానే తెలుస్తాయి, ముఖ్యంగా సాయంత్రం పూట, పని ఎక్కువైన రోజు. తేడా తెలుసుకోవడానికి పొట్ట మీద చెయ్యి వేసుకుని చూడండి. అసలు నొప్పి వచ్చినప్పుడు పొట్ట మొత్తం నుదురు తాకినట్టు గట్టిగా ఉంటుంది, వేలితో నొక్కినా లోపలికి పోదు. నొప్పి నడుము నుంచి మొదలై ముందుకు వస్తుంది. ఫోన్‌లో టైమ్ చూస్తూ ఒక నొప్పి మొదలైన దగ్గర్నుంచి తర్వాతి నొప్పి మొదలయ్యే వరకు ఎన్ని నిమిషాలో రాసుకోండి. కాస్త నీళ్లు తాగి, ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే తగ్గిపోయినవి దొంగనొప్పులు. పడుకున్నా, నడిచినా తగ్గకుండా పది నిమిషాలకోసారి చొప్పున వరసగా నాలుగైదు వచ్చాయంటే బయల్దేరండి. ఐదు నిమిషాలకోసారి వచ్చేదాకా ఆగమనే సలహా ఆస్పత్రి పక్కనే ఉన్న మొదటి కాన్పువాళ్లకు. తీరా వెళ్లాక ‘ఇంకా టైముంది, ఇంటికి వెళ్లి రండి’ అన్నా చిన్నబుచ్చుకోకండి. 39 వారాలు దాటాక ఆస్పత్రికి దగ్గర్లో చుట్టాలెవరైనా ఉంటే వాళ్లింటికి మారడం ఇంకా మంచిది.

కొన్నిటికి నొప్పులతో పనే లేదు. ఉమ్మనీరు పోయినా, నెలసరిలా రక్తం కనిపించినా వెంటనే వెళ్లాలి. ఉమ్మనీరు ఆకుపచ్చగా ఉంటే లోపల బిడ్డ మలవిసర్జన చేసిందని అర్థం, ఆ సంగతి ఆస్పత్రికి ఫోన్‌లోనే చెప్పండి. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం వాయడం, పక్కటెముకల కింద నొప్పి ఉంటే బీపీ పెరిగి ఉండొచ్చు. మొదటిసారి బీపీ రాలేదు కదా అని ఊరుకోవద్దు. ఇక బిడ్డ కదలికలు. ‘నెలలు నిండాయి, లోపల చోటు లేదు, అందుకే కదలట్లేదు’ అనే మాట ఊళ్లో బాగా వినబడుతుంది. అది తప్పు. కదలిక తీరు కాస్త మారొచ్చు కానీ, కదలడం తగ్గకూడదు. ఏదైనా తిని పక్కకు తిరిగి పడుకుని లెక్కపెట్టినప్పుడు రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే తెల్లారేదాకా చూడకండి.

‘తల దిగలేదు’ అన్నందుకు భయపడకండి. మొదటి కాన్పులో తల ముందే కటి భాగంలోకి దిగి కూర్చుంటుంది. రెండోసారి పొట్ట కండరాలు కాస్త వదులవుతాయి కాబట్టి చాలామందిలో నొప్పులు మొదలయ్యాకే దిగుతుంది. సిజేరియన్ చేయడానికి అదొక కారణం కాదు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. తల పైనే ఉండగా ఉమ్మనీరు ఒక్కసారిగా పోతే బొడ్డుతాడు కిందికి జారే అవకాశం కొద్దిగా ఉంటుంది. అందుకే నీరు పోయాక ఇంట్లో అటూ ఇటూ తిరగొద్దు. 108కు ఫోన్ చేసి, బండిలో కూడా కూర్చోకుండా పక్కకు తిరిగి పడుకునే వెళ్లండి. మీ దగ్గర చెకప్‌లకు తీసుకెళ్లే 102 అమ్మ ఒడి వాహనం వేరు, అత్యవసరానికి 108 వేరు. నొప్పుల వేళ 108కే చేయండి.

ఒకవేళ దారిలోనే కాన్పు అయిపోతే బిడ్డను పొడిగుడ్డతో తుడిచి మీ ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టుకుని, పైన ఇంకో గుడ్డ కప్పాలి. బొడ్డుతాడు లాగకూడదు, దొరికిన బ్లేడుతో కోయకూడదు. ఈ నాలుగు మాటలూ మీవారికీ, అత్తగారికీ ముందే చెప్పి ఉంచండి.

ఇక మీ అమ్మగారి సలహా. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. దేశం మొత్తం మీద చూస్తే అది 21.5 శాతమే. మన ఆడవాళ్ల శరీరాల్లో మిగతా దేశంలో లేని లోపం ఏమీ లేదు. ముహూర్తం, భయం, ఆస్పత్రుల సౌకర్యం, ఇవన్నీ ఆ లెక్కలో ఉన్నాయి. ఒక్కోసారి సిజేరియన్ ప్రాణం కాపాడుతుంది, నేనూ చేస్తాను. మీ ఉత్తరంలో మాత్రం అందుకు కారణం నాకు ఒక్కటీ కనిపించలేదు. ఒకసారి నార్మల్‌గా కన్న తల్లికి రెండోసారీ నార్మల్ అయ్యే అవకాశాలు చాలా బాగుంటాయి. మంచి రోజు అని 37, 38 వారాల్లోనే బిడ్డను తీస్తే ఊపిరితిత్తులు పూర్తిగా సిద్ధం కాక ఆయాసంతో పిల్లల ఐసీయూలో పెట్టాల్సి రావొచ్చు. అందుకే అవసరం లేని సిజేరియన్ 39 వారాలు నిండకుండా చేయకూడదంటాం. ఇంకో మాట, మీ అమ్మగారికి ఇది నచ్చుతుందేమో: కడుపు కోశాక ఆరు వారాల పాటు బరువులు ఎత్తొద్దంటాం. మీ పాప 14 కిలోలైనా ఉంటుంది కదా!

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ (ట్యూబెక్టమీ) కోసం సిజేరియన్ అక్కర్లేదు. నార్మల్ కాన్పు తర్వాత ఏడు రోజుల్లోపు బొడ్డు దగ్గర చిన్న కోతతో చేసేస్తారు. ఆ రోజుల్లో గర్భసంచి ఇంకా పైనే ఉంటుంది కాబట్టి మాకూ సులువు. ఇద్దరు చాలని మీరిద్దరూ ముందే నిర్ణయించుకుని ఉంటే సరే. బిడ్డ కాస్త పెద్దయ్యాక చూద్దాం అనుకుంటే కాన్పయిన 48 గంటల్లోపు కాపర్ టి వేయించుకోవచ్చు. మాట వచ్చింది కాబట్టి నా అభిప్రాయం కూడా చెబుతాను. మగవాళ్లకు చేసే వేసెక్టమీ దీనికంటే చిన్నది, కోత కుట్టు లేకుండా అయిపోతుంది, అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు. మగతనం తగ్గడం, పని చేయలేకపోవడం లాంటివేమీ ఉండవు. తర్వాత మూడు నెలలు కండోమ్ లాంటి వేరే జాగ్రత్త పాటించి, వీర్య పరీక్ష చేయించుకుంటే చాలు. రెండు కాన్పులు మీరు పడ్డారు, ఈ ఒక్కటైనా ఆయన పడొచ్చు. మన ఇళ్లలో ఈ మాట ఎత్తేవాళ్లే లేరు.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది మీ హిమోగ్లోబిన్. గర్భిణికి 11 ఉండాలి. 7 నుంచి 9.9 మధ్య ఉంటే మధ్యస్థ రక్తహీనత కింద లెక్క. కాన్పులో ఎంతో కొంత రక్తం ఎవరికైనా పోతుంది. 12 ఉన్న తల్లి తట్టుకునే రక్తస్రావాన్ని 9 ఉన్న తల్లి తట్టుకోలేదు. రెండో కాన్పు సులువైనంత మాత్రాన ఆ తర్వాత రక్తం తక్కువ పోతుందని లేదు. మీకింకా మూడు నాలుగు వారాలే ఉంది. తోటకూర, గోంగూర, మునగాకు, రాగిజావ, మటన్ లివర్ అన్నీ తినండి, కానీ ఇంత తక్కువ టైమ్‌లో తిండి ఒక్కటే ఈ లోటు పూడ్చలేదు. మాత్రలు కూడా మెల్లగానే పెంచుతాయి. అందుకే ఈ దశలో సెలైన్‌లో కలిపి ఐరన్ ఎక్కించడం మంచిది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కూడా ఎక్కిస్తారు. ఈ వారమే అడగండి. ఈలోపు డాక్టర్ చెప్పిన మోతాదులో ఐరన్ మాత్ర వేసుకోండి, నిమ్మరసంతో అయితే ఇంకా బాగా ఒంటబడుతుంది. కాల్షియం మాత్ర దాంతోపాటు వేసుకోవద్దు, రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. టీ కూడా అంతే. మలం నల్లగా వస్తే కంగారు పడొద్దు, అది మాత్ర వల్లే. ఐరన్ వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని ఇప్పటికీ మాత్రలు చెత్తబుట్టలో వేసేవాళ్లున్నారు! బిడ్డ రంగుకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

పాపను ఎత్తుకోవచ్చా అంటే, ఎప్పుడైనా ఒకసారి ఎత్తుకుంటే ప్రమాదం లేదు. నడుం వంచి కింద నుంచి లేపడం మాత్రం మానేయండి. నెలలు నిండే కొద్దీ కీళ్లు వదులుగా ఉంటాయి, నడుం పట్టేస్తుంది, తూలి పడే భయమూ ఉంటుంది. మీరే మంచం మీద కూర్చుని దాన్ని ఎక్కించుకోండి. పిల్లలకు కావలసింది చంక కాదు, అమ్మ ఒళ్లే.

అసలు పని అది కాదు. మీరు ఆస్పత్రికి వెళ్లే రాత్రి పాప ఎవరి దగ్గర పడుకుంటుంది? దీనికి జవాబు లేకే చాలామంది ఆలస్యం చేస్తారు. నానమ్మ దగ్గరో, మేనత్త దగ్గరో పడుకోవడం ఇప్పటి నుంచే అలవాటు చేయండి. అమ్మ రెండు మూడు రోజులు కనబడదని, తమ్ముడినో చెల్లినో తీసుకుని వస్తుందని ముందే చెప్పండి. నిద్రలో ఉండగా చెప్పకుండా వెళ్లిపోతే లేచాక వచ్చే ఏడుపు వారం రోజులు ఉంటుంది. మీ అత్తగారు మీతో రావాలా, పాప దగ్గర ఉండాలా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. మీవారు వేరే ఊళ్లో పనిచేస్తుంటే ఆయన వచ్చేదాకా ఆగకూడదన్న మాట కూడా ముందే అనుకుని ఉంచుకోండి.

పుట్టకముందే బిడ్డకు కొత్త బట్టలు కొనకూడదన్న పట్టింపు మీ ఇంట్లో ఉంటే, ఉండనివ్వండి. పాప చిన్నప్పటి చొక్కాలు, మెత్తటి పాత నూలు చీర ముక్కలు ఉతికి, బాగా ఎండలో ఆరేసి సంచిలో పెట్టండి. అవే మేలు. దాంతోపాటు చెకప్‌ల కార్డు, స్కానింగ్ రిపోర్టులు, మొదటి కాన్పు డిశ్చార్జి కాగితం, ఆధార్, ఫోన్ చార్జర్. మొదటి కాన్పు కాగితం దొరక్కపోతే మీ అమ్మగారిని వెతకమనండి. అప్పుడు రక్తస్రావం ఎక్కువైందా, మాయ చేత్తో తీయాల్సి వచ్చిందా, బిడ్డ బరువెంత అన్నవి మాకు చాలా పనికొస్తాయి. అప్పుడు కుట్లు పడ్డాయి కాబట్టి ఇప్పుడూ కోస్తారని ఏమీ లేదు, అవసరమైతేనే కోస్తారు.

కాన్పయ్యాక గంటలోపే ముర్రుపాలు పట్టండి. తేనె, పంచదార నీళ్లు నాకించొద్దు. పాలిచ్చేటప్పుడు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది, మొదటిసారి కంటే రెండోసారి ఎక్కువగా. గర్భసంచి ముడుచుకుంటోందన్నమాట. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, అందాకా పారాసిటమాల్ వేసుకోవచ్చు, పాలకు ఇబ్బంది లేదు. అయితే గంటలోపు ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే నర్సును వెంటనే పిలవండి, సిగ్గు పడొద్దు.

మీ ఉత్తరంలో బ్లడ్ గ్రూప్ రాయలేదు. మీది నెగెటివ్, మీవారిది పాజిటివ్ అయితే మొదటి కాన్పు తర్వాత యాంటీ-డి ఇంజెక్షన్ (బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారవకుండా ఆపేది) ఇచ్చారా, ఈసారి 28వ వారంలో ఇచ్చారా అన్నది కాగితాల్లో చూసుకోండి. ఇవ్వకపోతే ఈ వారమే మీ డాక్టర్‌కు చెప్పి ఆ యాంటీబాడీలు ఇప్పటికే ఉన్నాయేమో చూసే ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ రక్తపరీక్ష చేయించుకోండి. పుట్టిన బిడ్డ గ్రూప్ పాజిటివ్ అయితే 72 గంటల్లోపు మళ్లీ ఆ ఇంజెక్షన్ పడాలి, ఇక పిల్లలు వద్దనుకున్నా సరే వేయించుకోండి. మీ గ్రూపే పాజిటివ్ అయితే ఆ గొడవ లేదు. ఏ గ్రూపైనా సరే, దానికి సరిపడే రక్తం ఇవ్వగల ఇద్దరి ఫోన్ నంబర్లు మాత్రం ఆ సంచిలోనే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

– గైనకాలజిస్ట్