కారును సొంతంగా అమ్ముకునేటప్పుడు డబ్బు కంటే ముందు బానెట్‌ను కనిపెట్టుకోండి

మధ్యవర్తి లేకుండా పాత కారును తామే అమ్ముకోవాలనుకుంటున్నామని, మోసపోకుండా ఉండాలంటే ఏయే జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పమని అడిగారు. ఈ ప్రశ్నకు ఎవరిని కదిపినా వచ్చే సమాధానం ఒకటే: డబ్బు చేతికందేదాకా తాళం ఇవ్వవద్దు. మాట నిజమే, కానీ అక్కడితో జాగ్రత్త పూర్తయిపోయినట్టు మాట్లాడటం నాకు నచ్చదు. అమ్మేవారికి అసలు దెబ్బ తగిలేది డబ్బు చేతులు మారేటప్పుడు కాదు, అంతకుముందు కారు చూపించే సమయంలోనే అని నా గట్టి నమ్మకం. కాబట్టి కారు చూడటానికి ఎవరు వచ్చినా మీ వైపు ఇద్దరు ఉండాలి. ఒకరు మాట్లాడాలి, రెండోవారు మాటల్లోకి దిగకుండా కారును మాత్రమే గమనిస్తూ ఉండాలి.

నేను నా పాత కారును అమ్మకానికి పెట్టినప్పుడు ఒకాయన ఫోన్ చేసి, "మేము వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయకండి సార్, చల్లగా ఉన్నప్పుడు చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది" అని ఎంతో మర్యాదగా చెప్పారు. వేడెక్కిన ఇంజన్‌లో కొన్ని లోపాలు బయటపడవు కనుక, కార్ల గురించి తెలిసినవారు ఎవరైనా కోరే కోరికే అది. ఒక్కరే వస్తానన్న మనిషి వెంట మరో ఇద్దరు దిగారు. ఫోన్ చేసినాయన డ్రైవర్ సీట్లో కూర్చుని సర్వీసు కాగితాలు తిరగేస్తుండగా, రెండో ఆయన నన్ను వెనక్కి పిలిచి డిక్కీ తెరిపించి, స్టెప్నీ ఎలా ఉంది, జాకీ ఉందా అంటూ ప్రశ్న మీద ప్రశ్న వేశారు. మూడో ఆయన ఎవరితోనూ మాట కలపకుండా, ఎత్తి ఉంచిన బానెట్ దగ్గర నిలబడ్డారు. కారు వెనుక నిలబడిన వారికి, లేపిన బానెట్ చాటున ఏం జరుగుతోందో కనిపించే అవకాశమే లేదు.

తరువాత ఇంజన్ స్టార్ట్ చేశారు. కాసేపు అయ్యాక మూడో ఆయన "సార్, ఒకసారి ఇటు రండి" అని పిలిచి, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బా మీద ఫోన్ లైటు వేసి చూపించారు. లోపల కూలెంట్ మీద నూనె తెట్టెలా తేలుతోంది. "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్, ఇంజన్ విప్పాల్సిందే. పాపం, మీకు తెలిసి ఉండదు" అని జాలిపడ్డారు. ఇంజన్‌లో ఆయిల్, కూలెంట్ ఒకదానిలో ఒకటి కలవకుండా ఆపే సీలే హెడ్ గ్యాస్కెట్. ఆ జాలి వెనకే బేరం మొదలైంది: ఉన్నది ఉన్నట్టుగా, అడిగిన ధరలో సగానికి, ఇప్పుడే తీసుకుపోతామన్నారు.

నేను ఇంజన్ ఆపించి, ఆయిల్ మట్టం చూసే కడ్డీ (డిప్‌స్టిక్) బయటకు లాగి గుడ్డ మీద తుడిచాను. సర్వీసు దగ్గరపడిన కారు కనుక ఆయిల్ నల్లగా ఉంది, మట్టం ఎప్పుడూ ఉండే గీత దగ్గరే ఉంది. ఆయిల్ పోసే మూత తిప్పి అడుగు చూశాను. ఆయిల్‌లో కూలెంట్ కలిస్తే కనిపించే తెల్లటి మీగడలాంటి జిడ్డు ఏమీ లేదు. కూలెంట్ మీద తేలుతున్నది మాత్రం తేనె రంగులో తేటగా, అప్పుడే సీల్ తీసిన డబ్బాలోంచి పోసినట్టు ఉంది. "ఇది నా ఇంజన్‌లోంచి వచ్చిన ఆయిలే అయితే ఇలా నల్లగా ఉండాలి కదండీ" అని గుడ్డ చూపించాను. ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "మీ ఇష్టం సార్, ఇంకెవరికైనా అమ్ముకోండి చూద్దాం" అని విసురుగా వెళ్లిపోయారు.

చాటుగా కూలెంట్‌లో నూనె పోసి ఇంజన్ పాడైందని నమ్మించే ఈ ఎత్తు నా ఒక్కడి కోసం కనిపెట్టింది కాదు. బ్రిటన్‌లో సొంతంగా కార్లు అమ్ముకునేవారి మీద దీన్ని చాలాసార్లు ప్రయోగించారు, అక్కడి పోలీసులు దీని గురించి హెచ్చరికలు కూడా చేశారు. కొన్నిసార్లు సైలెన్సర్ గొట్టంలో కూడా నూనె పోసి పొగ తెప్పిస్తారు. చల్లని ఇంజన్ కావాలనడంలోని కిటుకు ఇక్కడే ఉంది: వేడి ఇంజన్‌లో కూలెంట్ ఒత్తిడితో ఉంటుంది, మూత తిప్పితే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి, చల్లగా ఉంటేనే మూత తీసి నూనె పోయగలరు. నిజంగా గ్యాస్కెట్ పోయిందేమోనని మీకు అనుమానం కలిగితే, బేరం అక్కడికక్కడే ఆపి మీకు తెలిసిన మెకానిక్‌తో పరీక్ష చేయించుకోండి. దహన వాయువులు కూలెంట్‌లోకి చేరుతున్నాయో లేదో రంగు మారే ద్రవంతో తేల్చే సులువైన పరీక్ష ఉంది. నూనె పోసినట్టు తేలినా ఊరుకోకూడదు. ఇంజన్‌ను ఇంకా నడపకుండా కూలింగ్ వ్యవస్థ మొత్తాన్ని కడిగించాలి, లేకపోతే రబ్బరు గొట్టాలు ఉబ్బి పాడవుతాయి. ఆ తరువాత వచ్చిన ప్రతి కొనుగోలుదారుకూ కారు చూపించినప్పుడు మా బావమరిది బానెట్ పక్క నుంచి కదలలేదు. వచ్చినవారిలో నిజాయితీపరులెవరూ దానికి నొచ్చుకోలేదు.

టెస్ట్ డ్రైవ్ విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ముందుగా లైసెన్సు చూడండి, అనుమతితో దాని ఫోటో తీసుకుని ఇంట్లోవారికి పంపండి, మీ బీమా ఇతరులు నడిపినప్పుడు కూడా వర్తిస్తుందో లేదో తెలుసుకోండి. అయితే చాలామంది పట్టించుకోని క్షణం మరొకటి ఉంది: కొంత దూరం మీరు నడిపి, తరువాత సీట్లు మారే సమయం. ఇంజన్ నడుస్తుండగా మీరు దిగి అటువైపు తిరిగి వచ్చేలోగా కారు వెళ్లిపోవచ్చు. బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే కార్లలో తాళం నా జేబులోనే ఉంది కదా అని ధీమాగా ఉంటారు. తాళం దూరమైనంత మాత్రాన నడుస్తున్న ఇంజన్ ఆగదు. చాలా కార్లు ఒక హెచ్చరిక చూపించి ఊరుకుంటాయి. కాబట్టి సీటు మారే ప్రతిసారీ ఇంజన్ ఆపి, తాళం చేతిలో పట్టుకుని దిగండి. కొనేవారిని కారులో ఒంటరిగా వదలవద్దు. స్టీరింగ్ కింద ఉండే, మెకానిక్‌లు లోపాలు కనిపెట్టడానికి వాడే డయాగ్నస్టిక్ పోర్టుకు చిన్న పరికరం తగిలించి కొత్త తాళాన్ని నమోదు చేసుకోగలిగే మోడళ్లు ఉన్నాయి. వచ్చినవారు వెళ్లిపోయే ముందు రెండో తాళం కూడా మీ దగ్గరే ఉందో లేదో చూసుకోండి.

ఇక ప్రకటనలోని ఫోటోలో నంబర్ ప్లేటు చెరిపేయమని సలహా ఇచ్చేవారు కొందరున్నారు. అదే నంబర్‌తో నకిలీ ప్లేటు చేసి మరో కారుకు తగిలించేవారు ఉన్న మాట నిజమే కనుక చెరిపితే నష్టం లేదు, కానీ ఆ సలహా ఇచ్చేవారే మరుసటి రోజు అపరిచితుడికి రిజిస్ట్రేషన్ పత్రం ఫోటో వాట్సాప్‌లో పంపేస్తారు. రోడ్డు మీద వెళ్లే ప్రతివాడికీ కనిపించే నంబర్ కంటే, 17 అక్షరాలూ అంకెలూ ఉండే ఛాసిస్ నంబర్, మీ పేరు, చిరునామా ఒకే కాగితం మీద దొరకడం నేరగాళ్లకు ఎన్నో రెట్లు ఉపయోగం. పత్రాలను ఎదురుగా కూర్చోబెట్టి చూపించండి, ఫోటోలు తీయనివ్వవద్దు. అలాగే "ఫలానా వెబ్‌సైట్ నుంచి వాహన చరిత్ర నివేదిక కొని పంపితే వెంటనే వస్తాను" అనేవారిని నమ్మకండి. డబ్బు, కార్డు వివరాలు ఆ సైట్‌కు వెళతాయి, మనిషి మాత్రం రాడు. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ మోసం గురించి 2018లోనే హెచ్చరించింది.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. మీ ఫోన్‌కు వచ్చిన సందేశం గానీ, వాళ్లు చూపించే స్క్రీన్‌షాట్ గానీ చెల్లింపు కాదు. మీ బ్యాంకు ఖాతాలోకి మీరే ప్రవేశించి నిల్వ చూసుకోవాలి. చెక్కు జమ అయినట్టు కనిపించినా తరువాత వెనక్కి పోవచ్చు. "పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి పంపండి" అనే మాట వినగానే ఆ సంభాషణ ముగించండి. డబ్బు అందుకోవడానికి ఎవరూ పిన్ నొక్కనవసరం లేదు. అన్నిటికంటే మంచిది బ్యాంకు పనివేళల్లో బ్యాంకులోనే లావాదేవీ ముగించడం. నగదు అయితే కౌంటర్‌లోనే లెక్కపెట్టించి, నకిలీ నోట్లు లేవని తేల్చుకుని అప్పటికప్పుడే ఖాతాలో వేయవచ్చు.

అమ్మేశాక చాలామంది ఊపిరి పీల్చుకుంటారు, నా దృష్టిలో అది తొందరపాటు. యాజమాన్య బదిలీ పత్రం ఖాళీగా ఉండగా సంతకం చేసి, మిగతాది కొన్నవారే చూసుకుంటారని వదిలేయడం చాలా ప్రమాదకరం. భారత సుప్రీంకోర్టు 2018లో ముగ్గురు న్యాయమూర్తుల తీర్పులో, రికార్డుల్లో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని స్పష్టం చేసింది. ఆ కేసులో కారు 2007లోనే అమ్ముడై ఆ తరువాత కూడా చేతులు మారింది, ప్రమాదం 2009లో జరిగింది, బాధ్యత మాత్రం రికార్డుల్లో పేరున్న మొదటి యజమాని మీదే పడింది. ఏ దేశంలోనైనా సరే, అమ్మిన సంగతిని రిజిస్ట్రేషన్ అధికారులకు మీరే తెలియజేసి రసీదు తీసుకోండి. అమ్మకపు పత్రంలో తేదీతో పాటు కారు అప్పగించిన సమయం, మీటరు రీడింగు కూడా రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. బదిలీ పూర్తయిందని నిర్ధారించుకోకుండా బీమా రద్దు చేయవద్దు.

తెర, యాప్ ఉండే ఈ మధ్యకాలపు మోడల్ కారును అమ్ముకునేవారు మరొకటి చూసుకోవాలి. కారు తెరలో మీ ఫోన్‌లోని పేర్లు, మీ ఇంటి దారి నిల్వ ఉండిపోతాయి కనుక ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. కారు యాప్ ఖాతా నుంచి ఆ కారును ప్రత్యేకంగా తొలగించాలి, ఎందుకంటే రీసెట్‌తో అది పోతుందని నమ్మకం లేదు. ఐబీఎం భద్రతా పరిశోధకుడు చార్లెస్ హెండర్సన్, తాను ఎన్నడో వదిలించుకున్న కారు ఎక్కడుందో తన ఫోన్‌లోని యాప్ ఇంకా చూపిస్తోందని, దాని తలుపులు కూడా తెరవగలనని 2017లో బయటపెట్టారు. అద్దానికి అతికించిన టోల్ ట్యాగ్ కూడా తీసేసి, దాని ఖాతా మూయించండి. లేకపోతే కొన్నవారి ప్రయాణాలకు మీ ఖాతా నుంచే సుంకం పోతూ ఉంటుంది.