పాలిష్ చేయించిన టేకు నేల పొరలుగా ఊడుతోంది

ప్రశ్న: విజయనగరంలో అయ్యకోనేరు దగ్గర ఉన్న మా తాతగారి నాటి ఇంట్లో మేడమీది గదులకు టేకు బల్లల నేల ఉంది. గత ఆగస్టులో విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరుకు, పాత పూత తీసి, మిషనుతో అరగదీసి, పీయూ (పాలీయురిథేన్) పాలిష్ వేసే పనిని 90 వేల రూపాయలకు మాట మీద ఒప్పగించాం. 65 వేలు ఫోను ద్వారా చెల్లించాం. ఇప్పుడు నేలంతా అలల వంటి గీతలు, బుడగలు కనిపిస్తున్నాయి. కిటికీ పక్కన పూత లేచిపోతోంది. వర్షాకాలమూ, టేకులోని నూనె గుణమూ కారణమంటున్న ఆయన, మిగిలిన సొమ్ము ముందే ఇస్తే మరో కోటు ఉచితంగా వేస్తానంటున్నారు. మాకు ఒప్పంద పత్రం గానీ, బిల్లు గానీ లేవు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ముందుగా ఆ ఉచిత కోటును వద్దనండి. కింది పొర చెక్కను పట్టుకోనప్పుడు దాని మీద వేసే కొత్త పొర చెమ్మగోడకు సున్నం వేసినట్టే ఉంటుంది. పైగా ఇప్పుడు కళ్లకు కనిపిస్తున్న సాక్ష్యం దాని కింద కప్పబడిపోతుంది.

మీరు చెప్పిన మూడు లోపాలకు మూడు వేర్వేరు కారణాలున్నాయి. అలల వంటి గీతలు అరగదీతలో వచ్చినవి. ముతక గరుకు కాగితంతో, అంటే 36 లేదా 40 నంబరుతో మొదలుపెట్టి, 60, 80 మీదుగా 100 లేదా 120 నంబరు సన్న కాగితం వరకు ఒక్కో మెట్టుగా వెళ్లాలి. మధ్యలో ఒక మెట్టు దాటవేసినా, తిరిగే మిషనును ఒకేచోట క్షణం ఆపినా చెక్క మీద పడిన గాట్లు పాలిష్ మెరుపులో రెట్టింపుగా కనిపిస్తాయి. వీటికి వానతో సంబంధం లేదు. బుడగల విషయంలో మాత్రం ఆయన చెప్పినదానిలో కొంత నిజముంది. రెండు డబ్బాలుగా వచ్చే పీయూలో, పూత గట్టిపడడానికి కలిపే హార్డెనరు గాలిలోని తేమతోనూ చర్య జరిపి వాయువును వదులుతుంది. పూత మందంగా వేస్తే ఆ వాయువు బయటికి పోలేక అందులోనే నిలిచిపోతుంది. అయితే ఆగస్టులో ఉత్తరాంధ్రలో తేమ ఉంటుందన్న సంగతి ఆ వృత్తిలో ఉన్నవారికి తెలియనిది కాదు. తెలిసీ పని ఒప్పుకున్నవారు ఇప్పుడు అదే కారణంగా చూపడం సమర్థన కాదు, ఒప్పుకోలు. పూత లేచిపోవడానికి ఆయన చెప్పే టేకు నూనె సంగతీ అంతే: సీలరు (చెక్కకు మొదట వేసే అడుగు పూత) వేసే ముందు చెక్కను థిన్నరుతో తుడవడం, పాత మైనం పాలిష్ ఆనవాళ్లు పూర్తిగా తీయడం, కోటుకూ కోటుకూ మధ్య సన్నటి గరుకు కాగితంతో రుద్దడం ఈ పనిలో మామూలుగా చేయవలసినవే.

పూత ఎంతవరకు పట్టు తప్పిందో మీరే చూసుకోవచ్చు. ఎవరికీ కనిపించని ఒక మూల బ్లేడుతో అడ్డంగా, నిలువుగా చిన్న గీతలు గీసి, వాటి మీద అంటుకునే టేపును గట్టిగా నొక్కి ఒక్కసారిగా లాగండి. టేపుతోపాటు పూత రేకులుగా లేచి వచ్చి, కింద వట్టి చెక్క కనిపిస్తే మొత్తం తీసి మళ్లీ వేయాల్సిందే. రాత్రి దీపాలార్పి టార్చిలైటును నేలకు ఆనించి వేస్తే ప్రతి గీతా బయటపడుతుంది గానీ, మీ ఫిర్యాదును ఆ వెలుగులో కనిపించేవాటిపై నిలపకండి. పగటి వెలుతురులో నిలబడి చూసినప్పుడు కనిపించే లోపాలకే బలముంటుంది. ఫొటోలు కూడా అలాగే తీయండి. ఎండాకాలంలో బల్లల మధ్య సందులు పెరగడం, ఒక్కో బల్ల ఒక్కో రంగులో ఉండడం చెక్క స్వభావం కాబట్టి వాటిని జాబితాలో చేర్చవద్దు. పూత పూర్తిగా గట్టిపడకముందే మీ ఇంట్లో ఎవరైనా తడిగుడ్డతో తుడిచారేమో కూడా నిజాయితీగా ఆలోచించుకోండి, ఎందుకంటే ఆయన మొదట అడిగే ప్రశ్న అదే.

ఇక చట్టం సంగతి. ఒప్పంద పత్రం లేకపోవడం ఇబ్బందే గానీ అడ్డంకి కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సొమ్ము కొంత చెల్లించి కొంత ఇస్తామని మాట ఇచ్చినవారు కూడా వినియోగదారులే. పని నాణ్యతలోనూ, చేసిన తీరులోనూ లోపముంటే అది సేవాలోపమే. బ్యాంకు ఖాతాలోని చెల్లింపు వివరాలు, వాట్సాప్ సందేశాలు మీకు ఆధారాలు, వాటిని చెరిపేయకండి. లోపాలను, మీరు కోరే మరమ్మతును, దానికి 15 రోజుల గడువును వివరిస్తూ రిజిస్టర్డ్ పోస్టులో ఆయనకు ఉత్తరం రాయండి. మిగిలిన 25 వేలు పని సరిదిద్దిన తరువాత ఇస్తామని అందులోనే స్పష్టంగా చెప్పండి. ఎగ్గొట్టే ఉద్దేశం మీకు లేదని తెలిపే వాక్యం అదే.

స్పందన లేకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు. ఆ తరువాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. కాంట్రాక్టరు విశాఖవారైనా, మీ నివాసం విజయనగరం కాబట్టి ఇక్కడే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్లు. అయితే చట్టం నెలల్లో తేల్చమన్నా, ఆచరణలో కేసులు అంతకన్నా ఎక్కువ కాలమే సాగుతాయి కనుక, ఆయన సరిగ్గా చేయడానికి ముందుకొస్తే ఆ అవకాశం ఇవ్వడమే మేలని నా అభిప్రాయం. వేరొక అనుభవజ్ఞుడైన పాలిష్ మేస్త్రితో నేలను చూపించి, లోపాలను, మరమ్మతు ఖర్చును కాగితం మీద రాయించుకుంటే రెండు దారుల్లోనూ పనికొస్తుంది.

మళ్లీ అరగదీయడానికి ఒప్పుకునే ముందు గుమ్మం దగ్గరో, సందు ఉన్నచోటో బల్ల మందం కొలవండి. మేకుల తలలు ఇప్పటికే తళతళలాడుతుంటే ఒకసారి లోతుగానే కోశారని అర్థం. ఆ మేకులను లోపలికి దిగగొట్టకుండా మిషను ఎక్కించనీయకూడదు. వానలు, తుపానులు వెనకబట్టాక, జనవరి, ఫిబ్రవరి నెలల్లో పని పెట్టుకోండి. మొదట ఒక్క గదిలో, కిటికీ పక్కన నాలుగు బల్లల మేర మాత్రమే అన్ని కోట్లూ వేయించి, వారం ఆగి అదే టేపు పరీక్ష చేసి, పూత నిలిచాకే మిగిలిన గదులు అప్పగించండి.