తవ్వకానికి వెళ్తున్న మా అమ్మాయికి

పల్లావరం, చెన్నై

అమ్మలూ,

వీసా వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. ఇంగ్లాండులో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గర నాలుగు వారాలు తవ్వకం నేర్చుకోబోతున్నావని తెలిసి రాత్రంతా నా పాత నోట్‌బుక్కులు తిరగేస్తూ కూర్చున్నాను.

మొదటి వారం నీకేమీ దొరక్కపోవచ్చు. పక్క పిల్లకి రోమన్ నాణెం దొరికితే ఏడుపొస్తుంది కూడా. టెన్షన్ పడకు. మన పని వస్తువులు ఏరడం కాదు, మట్టి పొరల్ని చదవడం. తాపీ అంచుతో నీవైపుకు గీరుకుంటూ వెనక్కి జరుగు, శుభ్రం చేసిన నేల మీద కాలు పడకూడదు. మట్టి ఎండి రంగు తేడా తెలియకపోతే కాసిని నీళ్ళు చిలకరించు, పాత గుంట అంచు పైకి తేలుతుంది. ఏదైనా తగిలితే పీకకు. ఎక్కడ, ఏ పొరలో, ఎంత లోతులో ఉందో రాసుకున్నాకే కదిలించు. చెత్తలా ఉందని పారేయకు. అక్కడే విండోలాండా అనే రోమన్ కోటలో 1973లో చిత్రిక పొట్టులా కనిపించిన పలుచని చెక్కముక్కల మీద రోమన్ల సిరారాతలు బయటపడ్డాయి.

నా మొదటి తవ్వకంలో ఒక పాత గుంటను గమనించకుండా కింది పొరలోకి దిగిపోయాను. రెండు కాలాల కుండపెంకులు ఒకే సంచిలో పడ్డాయి. మధ్యాహ్నానికే నాకు తెలిసింది. సార్‌కి చెప్పడానికి భయపడి రెండు రోజులు నోరు మెదపలేదు. ఈలోగా ఆ మూల మొత్తం తవ్వేశారు, సరిచూసుకోవడానికి మట్టే మిగల్లేదు. వెంటనే చెప్పుంటే ఒక్క సంచితో పోయేది. ఆ రెండు రోజుల సంగతి నలభై ఏళ్ళైనా నన్ను వదల్లేదు. నువ్వు మాత్రం తప్పు తెలిసిన నిమిషంలోనే చెప్పెయ్. అక్కడ ప్రొఫెసర్లని పేరు పెట్టి పిలుస్తారు. నీకు నోరు రాకపోతే ప్రొఫెసర్ అనే పిలు, కానీ అడగాల్సింది అడక్కుండా ఊరుకోకు.

వానకోటు, మోకాళ్ళ కింద వేసుకోవడానికి మెత్త పెట్టుకో. ఇంటి మీద బెంగ రెండో వారంలో ఎక్కువవుతుంది, ఆ రోజుల్లో మీ అమ్మతో మాట్లాడు.

వెళ్ళేలోగా ఒక ఆదివారం నాతో ఎగ్మూరు మ్యూజియానికి రా, అమరావతి శిల్పాలు చూద్దాం. అమరావతిలో 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసులో ఏళ్ళ తరబడి పడి ఉండి, 1859లో లండన్‌కి ఓడెక్కాయి. ఏ రాయి స్తూపంలో ఎక్కడుండేదో సరిగ్గా రాసిపెట్టుకోలేదు. అందుకే వాటిలో చాలావాటి చోటు ఈనాటికీ ఊహించుకోవాల్సి వస్తోంది. కృష్ణ ఒడ్డున పుట్టినవాణ్ణి, ఎగ్మూరులో ఆ శిల్పాల ముందు నిలబడితే నాకు గుండె బరువెక్కుతుంది.

తిరిగొచ్చేటప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, ఆనాడు ఓడెక్కిన రాళ్ళు కూడా చూసి రా. ఇంటికొచ్చాక నీ నోట్‌బుక్ తెచ్చి చూపించు. బురద మరకలున్నా పరవాలేదు, సాఫీగా మళ్ళీ రాయకు.

పెదనాన్న